పి0135 కోడ్: సెన్సర్ మార్చినా లైట్ పోవడం లేదు, ఇప్పుడు ఈసీయూ మార్చాలంటున్నారు

సింగ్‌నగర్_శీను
శుక్రవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ మీరు రాసేవి చదువుకుని వెళ్లిపోయేవాణ్ని. ఇవాళ నా కారునే తెచ్చి మీ ముందు పెట్టాల్సి వచ్చింది.

2017 మోడల్, 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయను. రాస్తే చర్చంతా దాని మీదకే పోతుంది. రోజూ విజయవాడ సింగ్‌నగర్ నుంచి గుంటూరులో ఆఫీసుకి వెళ్లొస్తాను. రెండు నెలల కిందట చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. మైలేజీ 17 నుంచి 13కి పడింది. తెలిసిన చోట స్కానర్ పెట్టిస్తే పి0135 వచ్చింది. ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్’ అని, పొగలో ఆక్సిజన్ చూసే ఆ సెన్సర్లు రెండిట్లో ముందున్నది మార్చి, కోడ్ తీసేసి పంపారు. 1,900 అయింది. మూడో రోజు పొద్దున వారధి మీదకి ఎక్కానో లేదో మళ్లీ వెలిగింది.

ఇంకో వర్క్‌షాప్‌కి వెళ్లాను. వాళ్లు మీటర్ పెట్టి, సెన్సర్ ప్లగ్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయి కాబట్టి వైరింగ్ బాగుంది, సెన్సర్ కొత్తది, ఇక మిగిలింది ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటరే అన్నారు. 34 వేలట. ఆ డబ్బుకి కొత్త ఫ్రిజ్ వస్తుందని మా ఆవిడ అప్పటి నుంచీ రోజుకోసారి గుర్తు చేస్తోంది.

కారు కోడ్లు, రీడింగులు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ ముక్క ఒకటి కొన్నాను. ఇంజిన్ బాగా వేడెక్కాక లైవ్ డేటాలో ముందు సెన్సర్ 0.1 నుంచి 0.6 వోల్టుల మధ్య ఆడుతూనే ఉంది. ఆడుతోందంటే పనిచేస్తున్నట్టే కదా? పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రం చాలాసేపు 0.45 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. ఏం చేయమంటారు?

బెంజిసర్కిల్_బాబాయ్
శుక్రవారం, రాత్రి 9:31

ఏమీ చేయక్కర్లేదు. ఇదంతా ఈ20, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పుణ్యం. నా బండికీ మైలేజీ పడింది, మా పక్కింటాయన బండికీ పడింది. బంకుల్లో ఇప్పుడు దొరికేది అదే. సెన్సర్ ఏం చేస్తుంది పాపం.

ఆటోనగర్_3వ_లైన్
శుక్రవారం, రాత్రి 10:05

బాబాయ్, మైలేజీ సంగతి తర్వాత. పెట్రోలు మారితే పి0135 రాదు.

శీను గారూ, నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ముందు ఒక సంగతి. పి0135 అంటే సెన్సర్ పోయిందని కాదు. బ్యాంక్ 1, సెన్సర్ 1, అంటే ముందు సెన్సర్‌ని వేడిచేసే హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని. ఆ సర్క్యూట్‌లో ఫ్యూజు ఉంది, రిలే ఉంది, రెండు మూడు మీటర్ల వైరు ఉంది, ప్లగ్గులున్నాయి, సెన్సర్ లోపలి హీటర్ ఉంది, చివర్లో ఈసీయూ ఉంది. ఎక్కడ తెగినా కోడ్ ఒకటే.

మీ సెన్సర్‌కి నాలుగు వైర్లుంటాయి చూడండి. అందులో ఒకే రంగువి రెండు, మామూలుగా తెలుపు, హీటర్‌వి. మిగిలిన రెండిట్లో ఒకటి సిగ్నల్, ఒకటి దాని ఎర్త్. అంటే ఒకే ప్లగ్గులో సంబంధం లేని రెండు సర్క్యూట్లు కాపురం చేస్తున్నాయి. మీకు లైవ్ డేటాలో ఆడుతున్నది సిగ్నల్. కోడ్ వచ్చింది హీటర్‌కి. సిగ్నల్ ఆడుతోంది కదా అని హీటర్ బాగున్నట్టు కాదు.

కోడ్ నంబర్లు కూడా చూసుకోండి. పి0130 నుంచి పి0135 దాకా ముందు సెన్సర్‌వే. 31 అంటే వోల్టేజీ తక్కువ, 32 ఎక్కువ, 33 నెమ్మదిగా స్పందిస్తోంది, 34 అసలు చలనం లేదు, 35 హీటర్. వెనక సెన్సర్‌కి అదే వరుస 36 నుంచి 41 దాకా. ఇన్ని వేరు వేరు కోడ్లు పెట్టింది ఎందుకు, అన్నిటికీ సెన్సరే మార్చడానికైతే?

మూడు ప్రశ్నలు. వేరే కోడ్ ఏదైనా వచ్చిందా, ముఖ్యంగా పి0141? గ్యాస్ కిట్ బిగించారా? సింగ్‌నగర్ అంటున్నారు, బండి బుడమేరు నీళ్లలో మునిగిందా?

సింగ్‌నగర్_శీను
శుక్రవారం, రాత్రి 10:22

పి0141 రాలేదు అన్నా. ఎప్పుడు చూసినా 0135 ఒక్కటే. గ్యాస్ కిట్ లేదు.

నీళ్ల సంగతి మాత్రం నిజమే. 2024 సెప్టెంబరు 1న మా సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. బండి బానెట్ దాకా మునిగి మూడు రోజులు అలాగే ఉంది. ఇన్సూరెన్సులో ఆయిళ్లు, కార్పెట్లు అన్నీ మార్చారు. ఆ తర్వాత నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. అంత పాత సంగతికీ దీనికీ సంబంధం ఉంటుందా?

కంకిపాడు_కుర్రోడు
శుక్రవారం, రాత్రి 11:40

అన్నా ఇంత చర్చ ఎందుకు. హీటర్ వైర్లు రెండిటి మధ్య 10 ఓమ్స్ రెసిస్టర్ పెట్టేయ్. ఈసీయూ హీటర్ ఉందనుకుంటుంది. లైట్ ఫట్. ఆన్‌లైన్‌లో వీడియో ఉంది.

ఆటోనగర్_3వ_లైన్
శనివారం, ఉదయం 7:02

తమ్ముడూ, ఇంజిన్ తిరుగుతుంటే 14 వోల్టులు. 10 ఓమ్స్ మీద అది దగ్గర దగ్గర 20 వాట్ల వేడి. నువ్వు చెప్పే పెసరగింజంత రెసిస్టర్ మాడి పక్క వైర్లను కూడా అంటిస్తుంది. పైగా సెన్సర్ చల్లగానే ఉంటుంది. మనం దాచింది లైటుని, రోగాన్ని కాదు. అన్నిటికన్నా పెద్ద తమాషా ఏంటంటే, తేడా వైర్లోనే ఉంటే నీ రెసిస్టర్ పెట్టినా కోడ్ పోదు.

శీను గారూ, సంబంధం ఉండొచ్చు. నీళ్లు పోయాక కూడా చిలుము రాగిని లోపల్లోపల తింటూనే ఉంటుంది. ఈ ఏడాది నా దగ్గరికొచ్చిన వరద బళ్లలో సగం వైరింగ్ పనులే. రేపు ఆదివారం కదా, బండి చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ ప్లగ్ ఊడదీసి, సెన్సర్ వైపున్న తెల్ల వైర్లు రెండిటి మధ్య ఓమ్స్ కొలవండి. బండిని బట్టి 3 నుంచి 15 దాకా ఎంతైనా ఉండొచ్చు. అసలేమీ చూపించకపోతే హీటర్ తెగినట్టు. సిగ్నల్ పిన్నుల మీద మాత్రం ఓమ్స్ పెట్టకండి. మీటర్ పంపే కరెంటు ఆ సెన్సర్‌కి పడదు.

పద్మ_లెక్చరర్
శనివారం, ఉదయం 10:48

గుంటూరు నుంచి. నేను కెమిస్ట్రీ చెబుతాను, కార్ల పని తెలియదు. కానీ ఈ సెన్సర్ మా సబ్జెక్టు కిందికి వస్తుంది కాబట్టి ఆగలేకపోయాను.

అది చిన్న బ్యాటరీ లాంటిది. మధ్యలో జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం. ఒక వైపు సైలెన్సర్ పొగ, రెండో వైపు బయటి గాలి. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఎంత తేడా ఉంటే అంత వోల్టేజీ. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే, అంటే పెట్రోలు ఎక్కువ పడుతుంటే, 0.8, 0.9 దాకా వెళుతుంది. ఆక్సిజన్ మిగిలిపోతుంటే 0.1కి పడుతుంది. మధ్యలో 0.45 దగ్గర ఒక్కసారిగా దూకుతుంది. అయితే జిర్కోనియా సుమారు 300 డిగ్రీలు దాటితేనే పనిలోకి దిగుతుంది. 1976లో బాష్ వాళ్ల సెన్సర్లు వోల్వో కార్లలో మొదటిసారి వచ్చినప్పుడు హీటర్ లేదు, పొగ వేడి మీదే ఆధారం. ఇప్పటివాటికి హీటర్ ఉంటుంది, అర నిమిషంలోనో కాస్త అటూఇటూగానో సిద్ధమవుతాయి.

అంటే శీను గారి కారులో పొద్దున 0.45 దగ్గర కూర్చున్నది సెన్సర్ కాదు. ఈసీయూ తన వైపు నుంచి పెట్టే వోల్టేజీ అయ్యుంటుంది, చాలా కార్లలో అలాగే పెడతారు. సెన్సర్ నిద్ర లేచేదాకా ఈసీయూ దాని మాట వినకుండా అంచనా మీద పెట్రోలు పోస్తుంది. హైవే ఎక్కాక పొగ వేడికి లేస్తుంది. సిటీలో సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ చల్లబడుతుంది.

బాబాయ్ గారికి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. ఈ20కి సుమారు 13.5. అంటే అంతే గాలికి కాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. ఆ సర్దుబాటు చేసేదే ఈ సెన్సర్. కాబట్టి ఈ20 వల్ల మైలేజీ కొంత తగ్గడం నిజమే. 17 నుంచి 13 మాత్రం దాని పని కాదు.

బెంజిసర్కిల్_బాబాయ్
శనివారం, ఉదయం 11:15

కొంత నిజమేనని మేడమ్ గారే ఒప్పుకున్నారు. అందరూ నోట్ చేసుకోండి.

అరండల్‌పేట_రేడియో
శనివారం, సాయంత్రం 6:30

బాబూ శీనూ, నేను నలభై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశాను. కారు నాకు లేదు, స్కూటరే. కానీ నీ రెండో వర్క్‌షాప్ వాళ్లు చేసిన తప్పు మా దుకాణంలో కొత్తగా చేరిన కుర్రాళ్లందరూ చేసేవాళ్లు.

మీటర్‌లో 12 వోల్టులు కనిపిస్తే వైరు బాగున్నట్టు కాదు. మా ఊళ్లో, అంటే తెనాలి దగ్గర పల్లెలో, మధ్యాహ్నం బల్బు ధగధగా వెలిగేది. రాత్రి చేల మీద మోటార్లన్నీ ఆన్ చేయగానే అదే బల్బు ఎర్రటి తీగలా అయిపోయేది. లైన్ అదే, బల్బు అదే. కరెంటు లాగేవాడు లేనప్పుడు ఏ వైరైనా పెద్దమనిషే. డిజిటల్ మీటర్ అసలేమీ లాగదు. వైర్లో ఒక్క పోగు మిగిలి ఉన్నా 12 చూపిస్తుంది. నీ హీటర్‌కి ఒకటీ రెండు ఆంపియర్లు కావాలి, ఆ ఒక్క పోగు ఎక్కడిస్తుంది?

బ్రేక్ లైట్ బల్బు ఒకటి తీసుకో, 21 వాట్లది. రెండు వైర్లు అతికించు. సెన్సర్ ప్లగ్ ఊడదీసి, కారు వైపు ప్లగ్గులో 12 చూపించే పిన్ను ఉంటుంది కదా, ఒక వైరు దానికి, రెండోది సరాసరి బ్యాటరీ నెగెటివ్‌కి. కీ ఆన్ చెయ్. బల్బు బ్యాటరీ మీద పెట్టినంత వెలుగుతో వెలగాలి. వెలుగుతుండగానే దాని రెండు కొసల మధ్య వోల్టేజీ కొలిచి ఇక్కడ రాయి.

ఆటోనగర్_3వ_లైన్
శనివారం, సాయంత్రం 6:52

మాస్టారూ, దండం. నేను రాద్దామనుకున్నదే మీరు రాసేశారు.

ఒకటి చేరుస్తాను. పిన్నులోకి లావు వైరు దూర్చకండి, లోపలి స్ప్రింగు సాగిపోతే కొత్త తలనొప్పి. సన్నని గుండుసూది మందం చాలు. ఇంకోటి, సైలెన్సర్ చల్లారాకే చెయ్యి పెట్టండి.

సింగ్‌నగర్_శీను
ఆదివారం, మధ్యాహ్నం 12:40

చేశాను! మా బావమరిదిని కూడా లాక్కొచ్చాను.

సెన్సర్ హీటర్ 6.4 ఓమ్స్. అంటే అది బాగానే ఉంది. కారు వైపు ప్లగ్గులో మీటర్ ఒక్కటే పెడితే 12.3. ఇంతవరకు వర్క్‌షాప్ వాళ్లు చెప్పింది కరెక్టే. బల్బు పెట్టి కీ తిప్పాం. సెల్లార్ చీకటిగా ఉంది కాబట్టి కనిపించింది గానీ, ఎండలో అయితే వెలగలేదనుకునేవాణ్ని. లోపల ఫిలమెంటు అగరుబత్తి కొసలా ఎర్రగా ఉంది, అంతే. వెలుగు లేదు. కొలిస్తే 4.8 వోల్టులు. అదే బల్బు బ్యాటరీ మీద పెడితే కళ్లు చెదిరాయి.

మా బావమరిది అడిగాడు, మరి మిగతా ఏడున్నర వోల్టులు ఎక్కడికి పోయాయని. నేనూ అదే అడుగుతున్నాను.

అరండల్‌పేట_రేడియో
ఆదివారం, మధ్యాహ్నం 12:58

దొరికింది. ఎక్కడికీ పోలేదు, దారిలో ఏదో ఒక చోట కూర్చున్నాయి. ఆ చోటు పట్టుకోవడమే ఇక పని.

ఆటోనగర్_3వ_లైన్
ఆదివారం, మధ్యాహ్నం 1:20

భోజనం చేసి, అదే బల్బు వెనక సెన్సర్ ప్లగ్గులో పెట్టండి. మీ మోడల్ డయాగ్రమ్ నా దగ్గర ఉంది. ఒకే ఫ్యూజు నుంచి వచ్చే కరెంటు ఇంజిన్ పక్కన ఒక జాయింటు దగ్గర రెండుగా చీలి, ఒకటి ముందు సెన్సర్‌కి, ఒకటి వెనక దానికి వెళుతుంది. పి0141 రాలేదని మీరన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. వెనక బల్బు ఫుల్‌గా వెలిగితే ఫ్యూజు, రిలే, జాయింటు దాకా అంతా శుభ్రం. విప్పి చూడక్కర్లేదు. తేడా జాయింటు దాటాక, ముందు సెన్సర్‌కి వచ్చే ముక్కలోనే.

వెనకది కూడా ఎర్రగా ఉంటే అప్పుడు ఫ్యూజు బాక్సు వైపు చూద్దాం.

సింగ్‌నగర్_శీను
ఆదివారం, సాయంత్రం 4:10

వెనక బల్బు ఫుల్. 12 వోల్టులు.

తాడేపల్లి_ట్యాక్సీ
ఆదివారం, సాయంత్రం 4:35

సీరియల్ చూసినట్టుంది. త్వరగా చెప్పండన్నా, ట్రిప్పు వచ్చింది నాకు.

సింగ్‌నగర్_శీను
ఆదివారం, రాత్రి 8:50

ఆలస్యమైంది, క్షమించాలి. కరెంటు పోయింది మధ్యలో.

3వ లైన్ అన్న ఫోన్‌లో చెప్పినట్టు బల్బు ముందు ప్లగ్గులో వెలుగుతూనే ఉంచి, మీటర్ ఒక కొస ఫ్యూజు అవుట్ దగ్గర పెట్టాం. రెండో కొస ఒక్కో చోటికి జరుపుతూ వచ్చాం. బ్యాటరీ ట్రే కింద ఉన్న మధ్య ప్లగ్గు దగ్గర 0.1. దాని అవతలి పిన్ను దగ్గర 0.2. సెన్సర్ ప్లగ్గు దగ్గర 7.4. అంటే మధ్య ప్లగ్గుకీ సెన్సర్ ప్లగ్గుకీ నడుమ ఉన్న రెండడుగుల వైరే దొంగ.

ఆ వైరు గేర్‌బాక్స్ మీదుగా, కిందికి దిగి వెళుతుంది. పైన నల్ల ముడతల గొట్టం, దాని లోపల టేపు. గొట్టం విప్పితే కిందికి వంగిన చోట సన్నటి బురద, ఎండి పలకలా ఉంది. టేపు ఊడదీసి వైరు వేళ్ల మధ్య పట్టుకుని జరుపుకుంటూ వెళ్లాను. అంతా గట్టిగా ఉంది, ఒక్కచోట మెత్తగా, లోపల పిండి ఉన్నట్టు నలిగింది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరలేదు. బావమరిది ఫోన్ టార్చ్ వేసి చూస్తే తొడుగు మీద పక్కపక్కన రెండు చుక్కలు, సూదితో పొడిచినట్టు. బ్లేడుతో చీరితే రాగి లేదు. పచ్చటి పొడి రాలింది, గుడి గంట మీద పట్టే చిలుము లాంటిది. దాని మధ్యలో రెండు పోగులు మిగిలాయి, అవి కూడా నల్లబడి. చీరుకుంటూ వెళితే అటు రెండు అంగుళాలు, ఇటు నాలుగు అంగుళాలు అదే పచ్చ.

34 వేల ఈసీయూ, రెండు పోగులు.

ఆటోనగర్_3వ_లైన్
ఆదివారం, రాత్రి 9:15

ఆ రెండు చుక్కలు మా ఎలక్ట్రీషియన్ల జాతి పనే. వరద తర్వాత ఎవరో టెస్ట్ లైట్ సూదితో వైరు పొడిచి కరెంటు చూసుకున్నారు. పొడిచిన చోట వదిలేశారు. సరిగ్గా కిందికి వంగే చోటు కాబట్టి వానలో చక్రం చిమ్మిన నీళ్లన్నీ అక్కడే ఆగాయి. నేనూ చిన్నప్పుడు అలాగే పొడిచేవాణ్ని, అబద్ధం ఎందుకు. మా గురువు ఒకసారి చూసి మొట్టికాయ వేసి, జేబులోంచి నెయిల్ పాలిష్ సీసా తీశాడు. పొడిస్తే పొడిచావు, ఆ చిల్లు మీద ఒక చుక్క పెట్టి మూయి అన్నాడు. ఆయన జేబులో నెయిల్ పాలిష్ ఎందుకుంటుందో అప్పటిదాకా మాకు అర్థం కాలేదు, రకరకాలుగా అనుకునేవాళ్లం.

మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా కోసేయండి. అదే మందం వైరు ముక్క వేసి, క్రింపు చేసి (లోహపు తొడుగులో పెట్టి నొక్కి), పైన వేడి చేస్తే బిగుసుకునే, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం వేయండి. అతుకు వంపు దగ్గర కాకుండా పైన ఉండేలా చూసుకోండి.

అరండల్‌పేట_రేడియో
ఆదివారం, రాత్రి 9:22

అతికాక మళ్లీ బల్బు పెట్టు. చూడకుండా మూసేయకు.

సింగ్‌నగర్_శీను
సోమవారం, రాత్రి 10:05

కొత్త వైరు వేయించాను. బల్బు 12.1. కోడ్ తీసేశాను. వైరు, క్రింపులు, టేపు అన్నీ కలిపి 160 రూపాయలు. ఇవాళ గుంటూరు వెళ్లి వచ్చాను, లైట్ లేదు. పొద్దున స్టార్ట్ చేసిన నిమిషంలోపే సెన్సర్ ఆడటం మొదలైంది. అందరికీ పేరుపేరునా దండాలు.

సింగ్‌నగర్_శీను
శనివారం, ఉదయం 8:30

మళ్లీ నేనే. అయిదు రోజులైంది, లైట్ రాలేదు. కానీ మైలేజీ 14 దాటడం లేదు. యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒకటుంది, +14 చూపిస్తోంది. ఇది మంచిదా చెడ్డదా?

బెంజిసర్కిల్_బాబాయ్
శనివారం, ఉదయం 8:41

నేను మొదటి రోజే చెప్పాను. ఎవరు విన్నారు.

ఆటోనగర్_3వ_లైన్
శనివారం, ఉదయం 9:10

+14 మంచిది కాదు. ఈసీయూ తన లెక్క కన్నా 14 శాతం ఎక్కువ పెట్రోలు పోస్తోందని అర్థం. మామూలుగా అయిదు, మహా అయితే పదిలోపు ఉండాలి. ఇంజిన్‌లోకి ఎక్కడైనా దొంగగాలి వస్తోందా, సెన్సర్‌కి ముందు సైలెన్సర్ లీకుందా చూడాలి. లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ మోసపోతుంది.

పద్మ_లెక్చరర్
శనివారం, ఉదయం 11:30

లీకు వెతికే ముందు ఒక మాట. ఇవాళ చర్చ మొదటి నుంచీ చదివాను. శీను గారు మొట్టమొదటి పోస్టులోనే సెన్సర్ 0.1 నుంచి 0.6 మధ్య ఆడుతోందని రాశారు. నేను కిందే 0.8, 0.9 దాకా వెళ్లాలని రాసి కూడా పట్టించుకోలేదు. పేపర్లు దిద్దేటప్పుడు ఇలాంటి తప్పుకి పిల్లలకి మార్కులు కోస్తాను.

ఇప్పుడు ఎంత దాకా వెళుతోంది? బండి వేడెక్కాక, ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలితే?

సింగ్‌నగర్_శీను
శనివారం, మధ్యాహ్నం 12:15

తొక్కినప్పుడు 0.58. వదిలినప్పుడు 0.03. ఎన్నిసార్లు చేసినా 0.6 దాటలేదు మేడమ్.

ఆటోనగర్_3వ_లైన్
శనివారం, మధ్యాహ్నం 12:30

ఆ 1,900 సెన్సర్ ఫొటో పెట్టండి. వైరు దగ్గర నుంచి.

సింగ్‌నగర్_శీను
శనివారం, మధ్యాహ్నం 1:05

ఫొటో పెట్టాను. సెన్సర్ నుంచి జానెడు దూరంలో నాలుగు వైర్లకీ అతుకులున్నాయి. నల్ల గొట్టాలు వేసి, పైన ఏదో జిగురు దట్టంగా పూశారు. నేనిప్పటిదాకా చూడనేలేదు.

ఆటోనగర్_3వ_లైన్
శనివారం, మధ్యాహ్నం 1:20

ఇదీ సంగతి. అన్ని బళ్లకీ పనికొచ్చే సెన్సర్ ఒకటి తెచ్చి, పాత ప్లగ్గు కోసి దానికి అతికారు. సోల్డర్ చేసి జిగురుతో సీలు కొట్టారు. మేడమ్, మీరు చెబితేనే బాగుంటుంది.

పద్మ_లెక్చరర్
శనివారం, మధ్యాహ్నం 2:40

అన్నం మధ్యలో లేచి వచ్చాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

సెన్సర్‌కి ఒక వైపు పొగ, ఇంకో వైపు బయటి గాలి కావాలని చెప్పాను కదా. ఆ బయటి గాలి లోపలికి ఎలా వెళుతుంది? ఇలాంటి చాలా సెన్సర్లలో వైర్ల గుండానే. రాగి పోగుల మధ్య ఉండే సందుల్లోంచి, తొడుగు లోపల, ప్లగ్గు దాకా గాలి దారి ఉంటుంది. సెన్సర్ దాని వైర్లతోనే ఊపిరి తీసుకుంటుంది. సోల్డర్ కరిగి పోగుల మధ్యకి పాకినా, జిగురు మూసేసినా ఊపిరి ఆగుతుంది. లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గితే రెండు వైపులా తేడా తగ్గుతుంది, వోల్టేజీ కూడా కిందికి జారుతుంది. పోలిక తీసుకునే కొలబద్దే కుంచించుకుపోయిందన్నమాట. ఈసీయూ ఆ తక్కువ వోల్టేజీ చూసి పెట్రోలు చాలలేదనుకుని ఇంకా పోస్తుంది. అదే +14. అందుకే ప్లగ్గులో గ్రీజు కుక్కడం, స్ప్రేలు కొట్టడం కూడా వద్దంటారు.

కారు వైపు వైరు అతికితే ఇబ్బంది లేదు, శీను గారు చేసింది సరైనదే. సెన్సర్ వైపు మాత్రం అతకకూడదు.

అరండల్‌పేట_రేడియో
శనివారం, మధ్యాహ్నం 3:05

వైరు ఊపిరి పీలుస్తుందని ఈ వయసులో కొత్తగా నేర్చుకున్నాను తల్లీ. నేనైతే శుభ్రంగా సోల్డర్ చేసి సీలు కొట్టి ఉండేవాణ్ని, బాగా చేశానని కూడా అనుకునేవాణ్ని.

తాడేపల్లి_ట్యాక్సీ
శనివారం, సాయంత్రం 5:20

శీనన్నా, మొదట తీసేసిన పాత ఒరిజినల్ సెన్సర్ ఏం చేశావ్?

సింగ్‌నగర్_శీను
శనివారం, సాయంత్రం 5:48

డిక్కీలో ఉంది. స్టెప్నీ కింద, పేపర్లో చుట్టి.

ప్లగ్గు కోసేశారు గానీ, సెన్సర్‌కి సగం వైరు మిగిలే ఉంది. ఇప్పుడే కొలిచాను. హీటర్ 6.1 ఓమ్స్. బాగానే ఉంది. మొదటి నుంచీ బాగానే ఉన్నట్టుంది.

ఆటోనగర్_3వ_లైన్
శనివారం, సాయంత్రం 6:10

ప్లగ్గు పాడుచేశారు కాబట్టి దాన్ని మళ్లీ వాడాలంటే క్రింపు ఒక్కటే దారి. జిగురు, సోల్డర్ లేకుండా, బిగుతుగా. గాలి దారి మూయకుండా వేసే క్రింపులు, తొడుగులు నా దగ్గర ఉన్నాయి, సోమవారం తీసుకురండి. ఇది కొన్నాళ్లకి. తర్వాత ఒరిజినల్ ప్లగ్గుతో వచ్చేది కొనుక్కోండి. మర చుట్లకి యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసేది) పూసేటప్పుడు సెన్సర్ కొసకి అంటకుండా చూడాలి. గాస్కెట్ల దగ్గర మామూలు సిలికాన్ వాడేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. దాని ఆవిరి సెన్సర్‌కి విషం.

సింగ్‌నగర్_శీను
తర్వాతి ఆదివారం, ఉదయం 9:00

పాతదే వేశాం. తొక్కితే 0.86, వదిలితే 0.05. ఆరు రోజుల్లో ట్రిమ్ +14 నుంచి +5కి దిగింది. నిన్న ట్యాంక్ టు ట్యాంక్ లెక్క వేస్తే 16.3. ఈసీయూ చెప్పిన వాళ్లకి ఫోన్ చేయలేదు, చేసి ఏం లాభం.

ఆ +5 ఎందుకు మిగిలింది మేడమ్? 17 ఎందుకు రాలేదు?

పద్మ_లెక్చరర్
తర్వాతి ఆదివారం, ఉదయం 9:40

మీది ఈ20 రాకముందు కారు. అందులో ఎక్కువ ఇథనాల్ ఉన్న పెట్రోలు పోస్తున్నాం కాబట్టి కొంచెం ప్లస్‌లోనే ఉండటం సహజం. ఆ అయిదులో చాలామటుకు బాబాయ్ గారి ఖాతాలో వేయొచ్చు.

బెంజిసర్కిల్_బాబాయ్
తర్వాతి ఆదివారం, ఉదయం 9:44

చాలు. ఈ మాట ప్రింట్ తీసి ఇంట్లో గోడకి అంటిస్తాను.

తాడేపల్లి_ట్యాక్సీ
తర్వాతి ఆదివారం, ఉదయం 10:30

నా బండికి నిన్నటి నుంచి పి0141. గ్యాస్ కిట్ కూడా ఉంది, కిట్ వాళ్లు అక్కడా ఇక్కడా వైర్లు కోసి అతికారు. శీనన్నా, నీ బల్బు ఇంకా ఉందా?

సింగ్‌నగర్_శీను
తర్వాతి ఆదివారం, ఉదయం 10:36

డాష్‌బోర్డు అరలోనే ఉంది. సాయంత్రం వారధి దగ్గర కలుద్దాం. మీటర్ కూడా తెస్తాను.